సమన్లలోని ‘రిటెన్ స్టేట్‌మెంట్’కు అర్థమయ్యే తెలుగు మాట ఏది?

వకీలు లేనివాళ్లకు సివిల్ దావా సమన్లు అందితే ఏం చేయాలో చెప్పే ఒక పేజీ కరపత్రం తయారు చేస్తున్నాం. నర్సంపేట, పరకాల వైపు ఊళ్లలో చదివించి చూశాం.

‘ప్రతివాది’ తీసేసి ‘మీరు’ అని పెడితే సరిపోయింది. ‘ఎక్స్‌పార్టీ’ బదులు ‘మీరు రాకుంటే మీ మాట వినకుండానే తీర్పు ఇస్తరు’ అంటే వెంటనే అర్థమైంది.

చిక్కంతా రిటెన్ స్టేట్‌మెంట్ (దావాకు ప్రతివాది రాసి కోర్టులో దాఖలు చేసే జవాబు) దగ్గరే. ‘లిఖితపూర్వక వాంగ్మూలం’ అంటే పోలీసుల ముందు చెప్పేది అనుకుంటున్నారు. ‘జవాబు’ అంటే అవతలి వకీలుకు రిజిస్టర్ పోస్టు పంపితే చాలనుకుంటున్నారు. ‘కౌంటర్’ అంటే తిరిగి కేసు వేయడమట! వాయిదా నాడు వచ్చి నోటితో చెప్తే అయిపోతదనేవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ తప్పితే నష్టం పెద్దది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8 ప్రకారం సమన్లు అందిన 30 రోజుల్లో దాన్ని దాఖలు చేయాలి. కోర్టు కారణాలు రాసి గడువు పొడిగించినా సమన్లు అందిన నాటి నుంచి మొత్తం 90 రోజుల వరకే. పైగా దావాలోని ఒక్కో విషయాన్నీ విడిగా కాదనాలి, కాదనకుంటే ఒప్పుకున్నట్టే లెక్క.

వివరంగా రాస్తే వాక్యం పొడుగై, అసలు గడువే కంటికి ఆనడం లేదు. ‘రాసి, కోర్టులోనే ఇవ్వాలి’ అని చూడగానే తెలిసేలా, రెండు మూడు మాటల్లో మీ దగ్గర దీన్ని ఏమంటారు?