లావుగా ఉంటే ఎముక గట్టిదా? పాప బరువు మీద ఇంట్లో గొడవ

నెల్లూరు లక్ష్మి: మా పాపకి పద్నాలుగేళ్లు. బొద్దుగా ఉంటుంది. పిల్లల డాక్టరు బరువు తగ్గించమన్నారు. మా అత్తమ్మేమో "ఎదిగే పిల్ల, ఒంట్లో కండ ఉంటేనే ఎముక గట్టిపడేది, కడుపు మాడ్చొద్దు" అంటోంది. రెండు రోజులుగా ఇదే గొడవ. కొవ్వుకీ ఎముకకీ నిజంగా సంబంధం ఉందా?

కావలి శారద: మీ అత్తమ్మ మాటలో నిజముంది. కొవ్వంటే ఊరికే పేరుకున్న ముద్ద కాదు, హార్మోన్లు తయారు చేస్తుంది. ముట్లుడిగిన ఆడవాళ్లకి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఎక్కువగా వచ్చేది కొవ్వులోంచే. ఎముక అరిగిపోకుండా కాపాడేది అదే. మా అక్క ఎవరి మాటో విని ఒక సన్నబడే సెంటర్‌లో చేరి నాలుగు నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గింది. తర్వాత వాకిట్లో కళ్లాపి చల్లుతూ జారితే మణికట్టు విరిగింది.

ఉలవపాడు కుర్రాడు: రోజూ పాలు తాగితే చాలదా అక్కా?

కనిగిరి మాస్టారు: శారదగారూ, హార్మోన్ల మాట ఎత్తారు కాబట్టి పూర్తిగా చెప్పుకుందాం. కొవ్వు కణాలు వదిలే, ఆకలి తగ్గించే లెప్టిన్ అనే హార్మోన్‌ని 1994లో కనుక్కున్నారు. పుట్టుకతోనే లెప్టిన్ తయారుకాని ఎలుకలు కొన్ని ఉన్నాయి. ఆకలి తీరక తిని తిని లావెక్కుతాయి. 2000లో కార్సెంటీ అనే శాస్త్రవేత్త బృందం చూస్తే వాటి వెన్నులో ఎముక మామూలు ఎలుకలకన్నా ఎక్కువగా ఉంది. వాటి మెదడులోకి లెప్టిన్ ఎక్కిస్తే ఆ ఎముక తగ్గింది. అంటే కొవ్వు పంపే హార్మోనే మెదడు ద్వారా ఎముక కట్టే పనికి అడ్డం పడుతోంది. ఇక కాపాడేదెక్కడ?

కావలి శారద: మీరు వెన్నే చూశారు. అవే ఎలుకల తొడ ఎముక పొట్టిగా, సన్నగా ఉంటుంది. అది చెప్పలేదేం? లెప్టిన్ మెదడు నుంచి ఒక రకంగా, నేరుగా ఎముక కణాల మీద ఇంకో రకంగా పనిచేస్తుంది. పిల్లల ఎముక పొడవు పెరిగే చోట దానితో పని ఉంది. లక్ష్మిగారు అడిగింది ఎదిగే పిల్ల గురించి.

కనిగిరి మాస్టారు: వెన్ను ఎముక కాదా?

కావలి శారద: తొడ కాదా?

ఒంగోలు ఫిజియో: మా దగ్గరికి వచ్చేవాళ్లలో లావుగా ఉన్న ఆడవాళ్లకి తుంటి విరగడం తక్కువ, చీలమండ విరగడం ఎక్కువ. ఏ ఎముక అన్నది కూడా చూడాలి.

కనిగిరి మాస్టారు: అదీ మాట. ఎలుక తొడ కొలిచి పిల్లకి నెయ్యి పోయమంటారా?

కావలి శారద: నెయ్యి పోయమని నేనెక్కడన్నాను? ఆడపిల్ల కాస్త లావుంటే మీలాంటివాళ్లకి కళ్లు మండుతాయి. దానికి సైన్సు అని పేరు పెడతారు. మా అక్కని మాడ్చినవాళ్లూ ఇలాగే మాట్లాడారు.

కనిగిరి మాస్టారు: నా మాట పూర్తిగా వినండి. మా అమ్మ తొంభై కిలోలు. నడుం నొప్పంటే చూసిన డాక్టరు "ఇంత ఒళ్లుంది, నీ ఎముకలకేం భయం లేదు" అని పరీక్ష కూడా రాయలేదు. ఆరు నెలలకి గడప దాటుతూ పడితే చీలమండ రెండు చోట్ల విరిగింది. ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేదు. మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల ఎక్స్‌రేలు చూస్తే ఎముక తెల్లగా, దట్టంగా ఉంటుంది. వాళ్లు వంగలేరు, లేవలేరు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు ఎముక పలచబడిన ఆడవాళ్లకి నాలుగేళ్లు ఫ్లోరైడే మందుగా ఇచ్చి 1990లో ఫలితం చెప్పారు. వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది. కానీ చేతులు, కాళ్ల లాంటి చోట్ల ఎముకలు ఇంకా ఎక్కువగా విరిగాయి. దట్టంగా ఉంటే గట్టి, లావుంటే గట్టి అని ఎవరన్నా నాకు తట్టుకోవడం కష్టం.

కావలి శారద: ఇది ముందే చెప్పాల్సింది మాస్టారూ. అమ్మగారిని ఒళ్లు చూసి వదిలేశారు. మా అక్కనీ ఒళ్లు చూసే మాడ్చారు. ఎముక సంగతి ఎవరూ చూడలేదు, నా కోపం దాని మీదే. అయినా ఎదిగే పిల్లని సన్నబడమంటే నేను ఒప్పుకోను. కొవ్వు మరీ తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, నెలసరి ఆగుతుంది, ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక పలచబడుతుంది.

కనిగిరి మాస్టారు: మరీ తగ్గితే అది నిజమే. పొట్టలో పేరుకున్న కొవ్వు మంచిదని మాత్రం అనను. వాపు పుట్టించే పదార్థాలు వదులుతుంది. విటమిన్ డి కూడా కొవ్వులోనే ఉండిపోయి రక్తంలో తగ్గుతుంది.

నెల్లూరు లక్ష్మి: ఒకటి చెప్పలేదు. పాప స్కూల్లో కబడ్డీలో చేరతానంది. పడితే కాలు విరుగుతుందని మేమే వద్దన్నాం.

కనిగిరి మాస్టారు: ఆడనివ్వండమ్మా. గెంతినప్పుడు, పరిగెత్తినప్పుడు పడే బరువుకే ఎముక గట్టిపడేది. ఈ వయసు దాటితే మళ్లీ అంతగా కట్టదు.

కావలి శారద: ఇందులో నాకూ పేచీ లేదు. రాత్రి అన్నం మాత్రం మాన్పించొద్దు. నెలసరి తేదీలు రాసి పెట్టుకోండి. ఎప్పుడూ సరిగ్గా వచ్చేది వరసగా రెండు మూడు నెలలు రాకపోతే బరువు మాట పక్కనపెట్టి ముందు డాక్టరుకి అది చెప్పండి.