నైజీరియా రూమ్మేట్ ఫీజు కష్టం: ఎఫ్-1లో హార్డ్‌షిప్ వర్క్ పర్మిట్ ఎవరైనా తీసుకున్నారా?

అందరికీ నమస్కారం. హ్యూస్టన్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నాను. అడిగేది నా కోసం కాదు, నా రూమ్మేట్ కోసం. లేగోస్ నుంచి వచ్చాడు, నాలాగే ఎఫ్-1 వీసా (అమెరికా స్టూడెంట్ వీసా). వాళ్ళ నాన్న నైరాల్లో సంపాదించి డాలర్లలో ఫీజు కట్టాలి. 2023 జూన్‌కి ముందు డాలరుకి 460 నైరాలు ఉండేవి, మరుసటి ఏడాదికి 1,500 దాటాయి. మన రూపాయి కాస్త పడితేనే ఇంట్లో గోల, అక్కడ ఏకంగా మూడింతలు! రాత్రి అన్నంలో టమాటా కూర కలుపుకుంటూనే ఫోన్‌లో లెక్కలు వేస్తాడు. సగం తిని కంచం పక్కన పెట్టేస్తాడు.

ఒక సబ్జెక్టు వదిలేద్దామంటే వీసా రూల్ ప్రకారం సెమిస్టర్‌కి 12 క్రెడిట్లకి తగ్గకూడదు. డబ్బుల్లేవంటే ఒప్పుకోరు. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేయొచ్చు, కానీ మా చిన్న కాలేజీలో ఆ ఉద్యోగాలెక్కడివి? హాస్టల్ కూడా లేదు, అద్దె అదనం.

ఏడాది చదువు పూర్తయితే ఆర్థిక ఇబ్బంది కింద క్యాంపస్ బయట పనికి ఐ-765 (వర్క్ పర్మిట్ దరఖాస్తు ఫారం) పెట్టుకోవచ్చని చదివాను. మే నెలకి అతనికి ఏడాది నిండుతుంది. మీలో ఎవరైనా పెట్టారా? కరెన్సీ పడిపోయిందనడానికి ఏ కాగితాలు చూపించారు? వర్క్ పర్మిట్ కార్డు చేతికి రావడానికి ఎన్నాళ్ళు పట్టింది? కాలేజీ ఆఫీసులో అడిగితే వెబ్‌సైట్ చూసుకోమన్నారు.

గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ పని ఇప్పిస్తామని ఇద్దరు ముగ్గురు అన్నారు, మనవాళ్ళే. వీసా స్టేటస్ పోతుందని నేనే వద్దన్నాను. దయచేసి ఆ సలహా మాత్రం ఇవ్వకండి.