మోకాలి అరుగుదలకు మూలకణాల ఇంజెక్షన్: అనుభవాలు పంచుకోండి

గోదావరిగట్టు:
అమ్మకు రెండు మోకాళ్లూ అరిగాయి. ఎక్స్‌రే చూసిన ఎముకల వైద్యుడు అరుగుదల తీవ్రతలో మూడో గ్రేడు అన్నారు. వేరే క్లినిక్కువారు మాత్రం మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తే కీలులోని గుజ్జు మళ్లీ పెరుగుతుందనీ, మోకీలు మార్పిడి అవసరమే రాదనీ అంటున్నారు. చేయించుకున్నవారు చెప్పగలరా?

ఓరుగల్లు_రాజు:
మా నాన్నగారికి అలాంటి చోటే చేయించాం. చేతి నరం నుంచి రక్తం తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపుపచ్చని ద్రవాన్ని మోకాలిలోకి ఎక్కించారు. అది పీఆర్పీ, అంటే ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్. బిల్లులో మాత్రం ‘స్టెమ్ సెల్ థెరపీ’ అని రాశారు. కొన్నాళ్లు నొప్పి తగ్గిన మాట నిజమే కానీ, డబ్బు కట్టింది దానికోసం కాదు కదా!

ఫిజియో_పద్మ:
రాజు గారు చెప్పినది తరచుగా వింటుంటాను. తుంటి ఎముక మజ్జను తీసి చిక్కబరచి ఇచ్చేది మరో పద్ధతి. అందులోనూ అసలు మూలకణాలు అతి స్వల్పం. ప్రయోగశాలలో పెంచిన కణాల సంగతి వేరు. బెంగళూరుకు చెందిన స్టెంప్యూటిక్స్ సంస్థ, దాతల మజ్జ నుంచి పెంచిన కణాలతో తయారుచేసిన మందుకు 2022లో మన ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. రెండు, మూడు గ్రేడుల్లో ఉన్న 146 మందిపై జరిపిన పరీక్షలో, రెండున్నర కోట్ల కణాలను ఒకే ఇంజెక్షన్‌గా ఇచ్చినవారికి ఏడాది తర్వాత నొప్పి, బిగుతు తగ్గాయి. ఎమ్మారైలో గుజ్జు మరింత పాడవకుండా నిలిచినట్లు కనిపించిందే తప్ప, కొత్తగా పెరిగిందని తేలలేదు. గుజ్జుకు రక్తనాళాలు లేవు కనుక దానంతట అది బాగుపడటం కష్టం. ఎక్కించిన కణాలు కూడా అక్కడ గుజ్జుగా మారడం కంటే, వాపును తగ్గించే పదార్థాలను విడుదల చేయడం ద్వారానే పనిచేస్తాయని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం.

డాలస్_శ్రీను:
ఇక్కడ అమెరికాలో మోకాలి అరుగుదలకు ఇక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన మూలకణ చికిత్స ఒక్కటీ లేదు, ప్రకటనలకు మాత్రం కొదవ లేదు. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మజ్జ, కొవ్వు, బొడ్డుతాడు కణాలను మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చారు. ఏడాది గడిచాక వాటిలో ఏదీ స్టెరాయిడ్ కంటే మెరుగని తేలలేదు.

ఫిజియో_పద్మ:
గోదావరిగట్టు గారూ, ఎక్కించబోయే మందు పేరు, బ్యాచ్ నంబరు, అనుమతి పత్రం ముందే అడగండి. ఈలోగా తొడ కండరాల వ్యాయామం ఆపవద్దు.

గోదావరిగట్టు:
ఫోన్ చేసి అడిగాను. సొంత ల్యాబులోనే తయారుచేస్తామన్నారు, పత్రం మాత్రం చూపలేమన్నారు. అమ్మను వచ్చే వారం ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాను.