లీడ్స్ వెళ్లే ముందు విశాఖలో ఫ్లానెల్ సూటు: ఏ గుడ్డ, ఏ రంగు?

కొత్త సభ్యుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

పెద్దలందరికీ నమస్కారం. అక్టోబరులో ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. రోజూ సూటు అక్కర్లేదు గానీ క్లయింట్లను కలిసే రోజుల్లో తప్పదట. నాన్నగారు డాబాగార్డెన్స్‌లో తనకు ఎప్పుడూ కుట్టే దర్జీ దగ్గర ఒకటి కుట్టిస్తానంటున్నారు. చలిదేశానికి ఫ్లానెల్ మంచిదని విని జగదాంబ దగ్గర రెండు షాపుల్లో అడిగాను. ఒకరు పసిపిల్లలను చుట్టే మెత్తటి నూలు గుడ్డ తీశారు. ఇంకొకరు పాలియెస్టర్ కలిసిన ఉన్ని గుడ్డ, నల్లటి టెరీవుల్ చూపించి ఇదే ఫ్లానెల్ అన్నారు. అమ్మ నలుపు వద్దంటోంది, నాన్నగారేమో నలుపే హుందాగా ఉంటుందంటున్నారు. ఏ గుడ్డ తీసుకోవాలి? ఏ రంగు? ఇక్కడే కుట్టించుకోవచ్చా?

లీడ్స్ నుంచి, ఒకప్పుడు విశాఖ వన్‌టౌన్

బాబూ, నలుపు విషయంలో నేను మీ అమ్మగారి పక్షం. ఆవిడ శుభాశుభాలు చూసి అని ఉంటారు, నేను గుడ్డను చూసి అంటున్నాను. ఫ్లానెల్ అందమంతా రంగుల కలయికలో ఉంది. మంచి బూడిదరంగు ఫ్లానెల్‌లో ఉన్నికి ముందే రంగులు వేసి, తెలుపు, నలుపు, బూడిద పోగులను కలిపి వడుకుతారు. దగ్గరగా చూస్తే అన్నీ విడివిడిగా కనిపిస్తాయి, దూరం నుంచి ఒకే రంగు. నలుపులో కలపడానికేముంది? పైగా దాని మీద దుమ్ము, దూది పోగు, తల వెంట్రుక అన్నీ కనిపిస్తాయి. నల్ల సూటును ఇక్కడివాళ్లు ఎక్కువగా అంత్యక్రియలకూ రాత్రి విందులకూ వేసుకుంటారు. పగలు మీటింగుకు నల్ల సూటులో వెళితే ఎవరూ ఏమీ అనరు, కానీ బూడిదరంగంత నప్పదు.

ముందు గుడ్డ సంగతి. నువ్వు అడగాల్సింది ఉన్ని ఫ్లానెల్. నేసిన తరువాత వేడినీళ్లలో సబ్బుతో బాగా మర్దించి గుడ్డను చిక్కబరుస్తారు. పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని నేత సగం కనబడకుండా పోతుంది, పైన సన్నటి నూగు లేస్తుంది. ఆ నూగులో గాలి నిలుస్తుంది కాబట్టే వెచ్చగా ఉంటుంది. షాపువాడు ఎంత నమ్మబలికినా, గుడ్డ అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలియెస్టర్ ఉంటే కరిగి గట్టి ముద్ద కడుతుంది.

ఇందులోనూ రెండు రకాలు. పొట్టి పోగులను ఏకి వడికితే వులెన్ ఫ్లానెల్, పొడుగు పోగులను దువ్వి వడికితే వూస్టెడ్ ఫ్లానెల్. మొదటిది మెత్తగా, నూగుగా, చూడముచ్చటగా ఉంటుంది గానీ ప్యాంటు మోకాళ్ల దగ్గర సంచి కడుతుంది, తొడల మధ్య త్వరగా అరుగుతుంది. ఉన్నది ఒక్క సూటే అయితే వూస్టెడ్ తీసుకో.

బరువు అడగకుండా ఉన్ని గుడ్డ కొనకు. ఇంగ్లండులో గజానికి ఇన్ని ఔన్సులని చెబుతారు: 9, 11, 13. పూర్తి పన్నా, అంటే పూర్తి వెడల్పు ఉన్న గుడ్డ మీటరు పొడవుకు అవి సుమారు 280, 340, 400 గ్రాములు. మన షాపుల్లో చదరపు మీటరు లెక్క చెబితే తికమకపడకు. పన్నా మీటరున్నర ఉంటుంది కాబట్టి 340 గ్రాముల గుడ్డ ఆ లెక్కలో 227 దగ్గర పడుతుంది. నా మాట 340. డిసెంబరులో ఇక్కడ నాలుగు గంటల లోపే పొద్దు కుంకుతుంది, స్టేషనులో రైలు కోసం నిలబడితే 280 గ్రాముల గుడ్డ చాలదు.

ఇక రంగు. మధ్యస్థ బూడిద తీసుకో. అయితే దాన్ని చూసే పద్ధతి ఉంది. విశాఖ ఎండలో, ఆ సముద్రపు తళతళలో ఏ గుడ్డ అయినా ఒక ఛాయ లేతగా కనిపిస్తుంది. అక్కడ ముచ్చటైన బొగ్గురంగు అనుకున్నది ఇక్కడి మబ్బు పగటిలో నలుపే. షాపులోని ట్యూబులైటు మరీ మోసం, బూడిదను నీలంగా చూపిస్తుంది. ముసురు పట్టిన రోజున సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో వెళ్లు. గుడ్డ తానును గుమ్మం బయటికి తెప్పించి, గజం గుడ్డ భుజం మీద వేసుకుని, పది అడుగుల దూరం నుంచి ఎవరినైనా చూడమను. విశాఖలో లీడ్స్ వెలుతురు దొరికేది ఆ వేళకే. అప్పుడు కూడా కాస్త లేతగా అనిపిస్తున్న బూడిదే సరైనది. అరచేతి ముక్క చూసి నిర్ణయించకు, చిన్న ముక్కలో రంగు సరిగ్గా తెలియదు.

మధ్యస్థ బూడిదకు తెల్ల చొక్కా, లేత నీలం చొక్కా రెండూ సరిపోతాయి. నల్ల బూట్లూ గోధుమరంగు బూట్లూ నప్పుతాయి. కోటు ఇంట్లో పెట్టి ప్యాంటు ఒక్కటే స్వెట్టరుతో వేసుకోవచ్చు. అన్ని విధాల వాడకం ఇంకే రంగులోనూ లేదు.

విశాఖలో అసలైన గుడ్డ దొరక్కపోతే బలవంతాన ఏదో ఒకటి కొనకు. లీడ్స్‌కు దగ్గరలోనే హడర్స్‌ఫీల్డ్ ఉంది, తరతరాలుగా సూటు గుడ్డకు పేరుపడ్డ ఊరు. ఫ్లానెల్ అంటే ఇక్కడ మొదట తలచుకునేది సోమర్సెట్‌లోని ఫాక్స్ బ్రదర్స్ మిల్లును, 1772 నాటిది. గుడ్డ ఇక్కడ కొని, సెలవుకు వెళ్లినప్పుడు అక్కడ కుట్టించుకో.

మాంచెస్టర్ నుంచి, సొంత ఊరు గాజువాక

అన్నగారి మాటకు అడ్డు చెబుతున్నాననుకోకండి, బరువు విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. తమ్ముడూ, ఇక్కడ ఆఫీసుల్లో హీటర్లు ఎప్పుడూ మండుతుంటాయి. సూటు ఎక్కువసేపు ఉండేది లోపలే, బయట చలికి ఓవర్‌కోటు ఎలాగూ ఉంటుంది. 280 గ్రాములదే తీసుకో, మార్చి, ఏప్రిల్‌లో కూడా వేసుకోవచ్చు. మా ఇంట్లో 400 గ్రాముల సూటు ఒకటుంది, మావారు దాన్ని బీరువాలోంచి తీయడం నేను చూడలేదు.

రంగు కూడా నేనైతే నేవీ బ్లూ అంటాను. మన చామనఛాయకు లేత బూడిదకన్నా ముదురు నీలం నిండుగా ఉంటుంది, రేపు ఎవరి పెళ్లికైనా అదే పనికొస్తుంది.

సెలవుల్లో కుట్టించుకోమన్నారే, అది చెప్పినంత తేలిక కాదు. ముహూర్తాల రోజుల్లో దర్జీకి ఊపిరాడదు, రెండు ట్రయల్స్ ఇవ్వమంటే నవ్వుతాడు. గుడ్డ దొరికితే ఇప్పుడే తీరిగ్గా కుట్టించుకో.

విశాఖ, పూర్ణా మార్కెట్ దగ్గర, దర్జీల కుటుంబం

మా ఇంట్లో మూడు తరాలుగా కోట్లు కుడుతున్నాం. రంగు మీ ఇష్టం. కొలతలిచ్చేటప్పుడు కొన్ని మాటలు గుర్తుంచుకోండి.

ఆగస్టు ఉక్కలో ట్రయల్ వేస్తే ఎవరికైనా కోటు బిగుతనిపిస్తుంది, వదులు చేయమంటారు. ఆ మాట వింటే చలిలో సూటు వేలాడుతుంది. లోపల వేసుకునే పలుచని స్వెట్టరు కూడా తెచ్చుకుని, ఏసీ గదిలో కొలతలు ఇవ్వండి. విదేశాలకు వెళ్లిన కొత్తలో ఒళ్లు మారుతుంది కాబట్టి కోటు పక్క కుట్లలోనూ, ప్యాంటు నడుము వెనకా అంగుళం గుడ్డ లోపల వదలమనండి. ప్యాంటుకు ముందు వైపు మోకాలు దాటేదాకా లైనింగు వేయిస్తే సంచి కట్టడం తగ్గుతుంది.

ముఖ్యంగా రెండో ప్యాంటు. ఫ్లానెల్‌లో కోటు కన్నా ముందు పోయేది ప్యాంటే. సూటుకు మూడున్నర మీటర్లు, రెండో ప్యాంటుకు ఇంకో మీటరూ పావు కలిపి ఒకే తాను నుంచి కోయించండి. తరువాత కొంటే అదే రంగు నంబరు అయినా ఛాయ కలవదు.

గుడ్డ అంచున సూపర్ 120, సూపర్ 150 అని చూసి మురిసిపోకండి. అది పోగు సన్నదనం, మన్నిక కాదు.

కొత్త సభ్యుడు, ఎంవీపీ కాలనీ

అందరికీ ధన్యవాదాలు. ఒక షాపులో విదేశీ మిల్లుల నమూనా పుస్తకం దొరికింది, తెప్పించి ఇస్తామన్నారు. వూస్టెడ్ ఫ్లానెల్ 340 గ్రాములు, మధ్యస్థ బూడిద ఉంది. అదే బరువులో సుద్దముక్కతో గీసినట్టు నిలువు గీతలుండే సుద్దగీతల గుడ్డ కూడా ఉంది, నాన్నగారికి అది బాగా నచ్చింది. గీతలది తీసుకోవచ్చా? గుడ్డ కుట్టకముందు నీళ్లలో నానబెట్టాలని ఇంటి పక్కవాళ్లు అంటున్నారు, నిజమేనా?

లీడ్స్ నుంచి, ఒకప్పుడు విశాఖ వన్‌టౌన్

గీతలు రెండో సూటుకు ఉంచు. ఫ్లానెల్ మీద సుద్దగీత నూగులో కలిసి మసకగా భలే ఉంటుంది, నాన్నగారి కన్ను మంచిదే. కానీ గీతల సూటును ఒకసారి చూసినవాళ్లు మళ్లీ గుర్తుపడతారు, వారానికి రెండుసార్లు వేసుకోలేవు. ప్యాంటు విడిగా వాడే వీలు కూడా పోతుంది. మాంచెస్టర్ చెల్లెమ్మ చెప్పిన నేవీ బ్లూ కూడా మంచిదే, అది మూడోది.

విశాఖ, పూర్ణా మార్కెట్ దగ్గర, దర్జీల కుటుంబం

నూలు బట్టలా బకెట్‌లో నానబెడితే ఆ గుడ్డ మళ్లీ కోటుకు పనికిరాదు. ఉన్ని ఇంకా చిక్కబడి కుంచించుకుపోతుంది. తడిపి పిండిన తెల్లగుడ్డ పైన కప్పి ఆవిరి పట్టించి, ఒక రాత్రి బల్ల మీద పరిచి ఉంచమనండి, మర్నాడు కత్తెర పెట్టవచ్చు. కత్తిరించేటప్పుడు నూగు అన్ని ముక్కల్లోనూ కిందికే ఉండాలి. ఒక ముక్క తలకిందులైతే అదే గుడ్డ రెండు రంగుల్లో కనిపిస్తుంది. దర్జీ పాతవాడైనా సరే, ఈ మాట ఒకసారి గుర్తు చేయండి. ఈ ఊళ్లో ఫ్లానెల్ మా చేతికి వచ్చేది తక్కువ.