ఒకే ఫోల్డర్‌లో రెండు ఏజెంట్లు: ఒకటి చేసిన పని ఇంకొకటి చెరిపేసింది

ప్రశ్న (తిరుపతి)

అందరికీ నమస్కారం. మా నాయన దామలచెరువులో మామిడి మండీ నడుపుతారు. కాయ తూకం, కమీషన్, దింపుడు కూలి, రైతు ముందే తీసుకున్న అడ్వాన్సు, అన్నీ నోటుబుక్కులోనే. సీజన్లో రాత్రి పదకొండు దాటినా కూడికలు తెగవు. తోతాపురి కోతలు మొదలయ్యేలోపు ఆయనకు ఒక చిన్న యాప్ చేసివ్వాలని కూర్చున్నాను.

నాది 8 జీబీ విండోస్ ల్యాప్‌టాప్. డబ్ల్యూఎస్‌ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) ఉబుంటు అనే లినక్స్ వేసి, చెప్పిన పనికి కోడ్ రాసే ఏఐ ఏజెంట్ క్లాడ్ కోడ్ పెట్టుకున్నాను. ఒక ఏజెంట్‌తో బాగా నడిచింది. తొందరలో రెండో టెర్మినల్ తెరిచి, ఒకదానికి బిల్లు పేజీ, ఇంకోదానికి తూకం పేజీ అప్పగించాను. అరగంటకు బిల్లు లెక్క మొత్తం మాయం. టెస్టులు (కోడ్ సరిగా ఉందో చూసే పరీక్షలు) ఫెయిలవుతున్నాయని రెండోది ఆ ఫైలును గిట్‌లో (కోడ్ పాత రూపాలను దాచి ఉంచే సాధనం) ఉన్న పాత రూపానికి తిప్పేసింది. నేను కమిట్ చేయలేదు, అంటే కొత్త మార్పులను గిట్‌లో భద్రపరచలేదు. రెండు రాత్రుల పని అన్నా, చాలా బాధగా ఉంది. పైగా అంతా నత్తనడక. ప్రాజెక్టు సీ డ్రైవ్‌లో ఉంది. రెండింటినీ కలిపి నడిపే దారి ఉందా?

జవాబు (చిత్తూరు)

ఉంది తమ్ముడూ. గిట్ వర్క్‌ట్రీ వాడు. 2015లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచే గిట్‌లో ఉంది. ఒకే రిపోకు (గిట్‌లో ఉన్న ప్రాజెక్టు) రెండు మూడు ఫోల్డర్లు, ఒక్కో ఫోల్డర్లో ఒక్కో బ్రాంచ్, అంటే ఆ కోడ్‌లో విడిగా సాగే ఒక్కో పాయ. ఒక బ్రాంచ్‌ను రెండు చోట్ల తెరవనివ్వదు, అదే నీకు రక్ష. ఏజెంట్‌కు పని చెప్పే ముందు ఒకసారి, అది ముగించాక ఒకసారి కమిట్ చెయ్యి. కమిట్ అయింది ఎంత చెడినా వెనక్కి తెచ్చుకోవచ్చు.

జవాబు (తిరుపతి)

నత్తనడకకు కారణం సీ డ్రైవే. ఉబుంటు లోపలి నుంచి విండోస్ ఫైళ్లను తాకితే చాలా ఆలస్యం. ప్రాజెక్టును ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోకి మళ్లీ క్లోన్ (గిట్ నుంచి కాపీ) చేసుకోండి. డబ్ల్యూఎస్‌ఎల్‌2 మామూలుగా ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది, అంటే మీకు 4 జీబీ. మోడల్ మీ ల్యాప్‌టాప్‌లో నడవదు కదా, మెమరీని తినేది యాప్‌ను నడిపి చూసే డెవ్ సర్వర్లు, టెస్టులు. రెండు ఏజెంట్లున్నా సర్వర్ ఒక్కటే పెట్టండి.

ఇంకో మాట. అనుమతి అడగకుండా అన్నీ చేసేసే మోడ్ ఇప్పుడే వద్దు. రైతుల పేర్లు, బాకీలు ఉన్న అసలు డేటాను ఆ ఫోల్డర్లలో అస్సలు పెట్టకండి. ఆ బాకీలు మీ నాయనకు, ఆ రైతుకు మధ్య ఉండాల్సినవి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ దండాలు. రాత్రి మార్చేశాను. టెస్టులు ఇప్పుడు చకచకా అవుతున్నాయి. ఒక చోట గంటసేపు తిప్పలు పడ్డాను: కొత్త వర్క్‌ట్రీలోకి యాప్ సెట్టింగులుండే డాట్ ఈఎన్‌వీ ఫైలు రాలేదు, గిట్ పట్టించుకోని ఫైలు కాబట్టి. చేత్తో కాపీ చేసి, యాప్‌కు కావలసిన లైబ్రరీలు దించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కమాండ్ మళ్లీ కొట్టాను.

బిల్లు నాయనకు చూపిస్తే ఒక తప్పు పట్టారు. దింపుడు కూలి తీసేశాక మిగిలినదాని మీద కమీషన్ వేసింది ఏజెంట్. మా మండీలో మొత్తం సొమ్ము మీదే వేస్తాం. టెస్టులన్నీ పాసే, ఎందుకంటే ఆ టెస్టులూ అదే రాసింది! నాయన చెప్పిన పద్ధతిని ఆయన మాటల్లోనే, ఏజెంట్ మొదలుపెట్టినప్పుడల్లా చదివే క్లాడ్ డాట్ ఎండీ ఫైలులో రాసి పెట్టాను. పోయినేటి బిల్లులు పది తీసి, పేర్లు మార్చి, వాటితో టెస్టులు నేనే రాస్తున్నాను. నాలుగయ్యాయి.