మ్యూనిక్‌కి వస్తా ఉండా, మనల్ని వాళ్ళల్లో కలుపుకుంటారా?

తిరుపతి నుంచి:
అన్నలకు, అక్కలకు నమస్కారం. వచ్చే నెల మ్యూనిక్‌లో ఉద్యోగంలో చేరతా ఉండా. ఇంటికి అడ్వాన్సు ఎంత అడుగుతారు? ఇంకోటి, ఎన్నేళ్ళున్నా మనం వాళ్ళకి పరాయోళ్ళమేనని మా మామ అంటా ఉండాడు. నిజమేనా?

పలమనేరు, మ్యూనిక్‌లో తొమ్మిదేళ్ళు:
అడ్వాన్సు మూడు నెలల బాడుగ దాటకూడదు, హీటింగ్ ఖర్చులు కలపకుండా. మూడు కంతుల్లో కట్టొచ్చు. అది సరే, ముందు ఇది విను. నాకు ఇంటాయన తాళాలిచ్చినాడు గానీ, ఇల్లిచ్చినట్టు కాగితం మీద సంతకం పెట్టలేదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లో ఆఫీసులో ఆన్‌మెల్డుంగ్, అంటే అడ్రసు నమోదు, చేయించుకోవాల, ఆ కాగితం లేకుంటే చెయ్యరు. ఆరుసార్లు తిరిగినా. "మీవాళ్ళు ఒక్కరొస్తే పదిమంది వస్తారు" అన్నాడు. ఉండేది నేనూ మా ఆవిడా! చివరికి పక్కింటి పెద్దామె నాతో వచ్చి, సంతకం పెట్టేదాకా వాళ్ళ వాకిట్లోనే కూర్చునింది. రెండో ప్రపంచ యుద్ధం అయినాక, చెకొస్లొవేకియాలో జర్మన్లుండే సూడెటన్‌లాండ్ నుంచి తరిమేస్తే మూటాముల్లెతో ఈ మ్యూనిక్ ఉండే బవేరియా రాష్ట్రానికి వచ్చిన కుటుంబం ఆమెది. "మమ్మల్నీ ఎందుకొచ్చినారని అడిగినారు" అనింది. ఇప్పుడు వాళ్ళని బవేరియా నాలుగో తెగ అంటారు.

కుప్పం, స్టుట్‌గార్ట్:
వాళ్ళు జర్మన్ మాట్లాడేవాళ్ళు అన్నా, మనతో పోలికేంది? అయినా తమ్ముడా, మీ మామ చెప్పేది పాతకాలం మాట. 1913 పౌరసత్వ చట్టం తల్లిదండ్రుల రక్తాన్నే చూసేది. 2000 నుంచి, ఇక్కడ ఏండ్లుగా ఉండే వలసోళ్ళ బిడ్డలకి పుట్టుకతోనే పౌరసత్వం వస్తా ఉంది. 2024 జూన్ 27 నుంచి మనలాంటోళ్ళకి ఎనిమిదేళ్ళు కాదు, ఐదేళ్ళు చాలు. బీ1 జర్మన్, అంటే మధ్యస్థాయి భాష, రావాల, పౌరసత్వ పరీక్షలో 33 ప్రశ్నలకి 17 సరిగ్గా రాయాల. పాత పాస్‌పోర్టు వదలమనరు.

పలమనేరు:
జర్మనీ వదలమనదు, మన దేశం వదలమంటాది. బదులుగా విదేశీ పౌరులైన మనోళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఇస్తారు, దాంతో ఓటు లేదు.

కుప్పం:
అందుకే నేను తీసుకోలా.

పలమనేరు:
నేను తీసుకున్నా. పన్ను కట్టేచోట నాకు ఓటుండాల. ఇంట్లో మా పాపతో తెలుగే మాట్లాడతా, దాన్ని ఎవరూ వద్దనలేదు.

నగరి, బెర్లిన్:
మా అమ్మమ్మది తిరుత్తణి. 1960లో ఆ ఊరు మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. ఆమె అదే ఇంట్లో ఉండింది, కాగితాలు మాత్రం తమిళంలో వచ్చినాయి. బజారులో తమిళం, పొయ్యి దగ్గర తెలుగు. ఆమెను పరాయిదని ఇటూ అనలేదు, అటూ అనలేదు. తమ్ముడా, జర్మన్ క్లాసు తిరుపతిలోనే మొదలుపెట్టు. ఇంటాయన సంతకం పెట్టినాకే డబ్బులియ్యి.