స్పెన్సర్ గ్లేసియర్ రాఫ్టింగ్‌కి అమ్మను తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: జూలైలో అలాస్కా వెళ్తున్నాం. యాంకరేజ్ నుంచి రైలు, జంతువులు, రాఫ్టింగ్ అన్నీ ఒకే రోజు టూర్. అమ్మకు 62, ఈత రాదు. అదే టెన్షన్.

జవాబు 1: మా అత్తగారితో వెళ్లొచ్చాను, ధైర్యంగా తీసుకెళ్లండి. తెడ్లు గైడే వేశాడు. గ్లేసియర్ (మంచునది) ముందున్న సరస్సులో మంచుగడ్డల పక్కన పడవ ఆగినప్పుడు చిటపటమని సన్నటి చప్పుడు వినిపించింది. మంచులో ఏళ్లుగా చిక్కుకున్న గాలిబుడగలు పేలుతున్నాయట! అత్తయ్య చెవి అటే పెట్టి కూర్చున్నారు. తర్వాత పడవ ప్లేసర్ నదిలోకి వెళ్లింది. చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది, కాటన్ బట్టలు అస్సలు వద్దు.

జవాబు 2: వెళ్లేటప్పుడు రైల్లో కుడివైపు కూర్చోండి, సముద్రపు పాయ అటే. దారిలో పోర్టేజ్ అనే చోటు దగ్గరి జంతు సంరక్షణ కేంద్రంలో ఎలుగుబంట్లు, వుడ్ బైసన్‌లు (ఒక రకం పెద్ద అడవిదున్నలు) దగ్గరగా కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు: అమ్మకు చదివి వినిపించాను. ఊలు సాక్సులు వెతుకుతోంది.